గణాంకాలు–సమాజం కోర్సు: లెక్కలంటే భయపడేవాళ్ళు గట్టెక్కగలరా?

మానస_బీఏ:
అందరికీ నమస్తే. నేను సోషియాలజీ మొదటి సంవత్సరం. ఈ సెమిస్టర్‌లో ‘గణాంకాలు – సమాజం’ అని ఒక పరిచయ కోర్సు తప్పనిసరిగా పెట్టారు. స్కూలు అయిపోగానే లెక్కలకి ఒక దండం పెట్టి ఇటు వచ్చినదాన్ని. మొదటి క్లాసులో బోర్డు మీద సిగ్మా గుర్తు చూసేసరికి గుండెలో రాయి పడింది. సిలబస్‌లో సగటులు, శాంపిల్ సర్వేలు, కోరిలేషన్, ప్రయోగాలు, రిస్కు, నిరుద్యోగం లాంటి సూచీలు ఉన్నాయి. ఆఖర్లో ఒక ప్రాజెక్టు. ఫార్ములాలు బట్టీ పట్టాలా? దేని మీద ఎక్కువసేపు కూర్చోవాలి? ఇది చదివినవాళ్ళు, చెప్పినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి. చాలా టెన్షన్‌గా ఉంది.

సగటుజీవి:
సిగ్మా అంటే ‘వీటన్నిటినీ కూడు’ అని. అంతకు మించి దానికి మహత్యం ఏమీ లేదు. కూడికలు, భాగహారాలు, శాతాలు వస్తే ఆ కోర్సులో లెక్కల భాగం దాటేసినట్టే.

చిక్కు వేరే చోట ఉంది. ఒక కాలేజీలో రెండే సెక్షన్లు ఉన్నాయనుకోండి. ఒకదాంట్లో 10 మంది, ఇంకోదాంట్లో 90 మంది. సెక్షన్‌కి సగటున ఎంతమంది? ప్రిన్సిపాల్ 50 అంటారు. అదే విద్యార్థుల దగ్గరికెళ్ళి ‘మీ సెక్షన్‌లో ఎంతమంది?’ అని అడిగి సగటు తీయండి. 90 మంది ‘తొంభై’ అంటారు, 10 మంది ‘పది’ అంటారు. సగటు 82 వస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరి భాగహారమూ తప్పు కాదు. ఒకరు సెక్షన్లని లెక్కపెట్టారు, ఇంకొకరు మనుషుల్ని లెక్కపెట్టారు. ఇలాంటివి పసిగట్టడం వస్తే పాసైపోతారు. ఫార్ములా షీటు చాలా చోట్ల పరీక్షలో వాళ్ళే ఇస్తారు, ఒకసారి కనుక్కోండి.

నమ్మనుగాక_నమ్మను:
మీరే ఒప్పేసుకున్నారుగా! ఒకే కాలేజీ. 50 అనొచ్చు, 82 అనొచ్చు. ఎవరికి ఏది కలిసొస్తే అది. ఈ సబ్జెక్టు మొత్తం ఇంతే. మార్కుల కోసం చదివి వదిలేయండి మానస గారూ.

పాతమాష్టారు:
ఈ కోర్సు చాలా ఏళ్ళు చెప్పి రిటైరయినవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు 50, 82 సంగతి. అవి ఒకే ప్రశ్నకి రెండు జవాబులు కావు, రెండు వేరు ప్రశ్నలు. ఎన్ని గదులు, ఎంతమంది లెక్చరర్లు కావాలో చూసుకునేవాడికి 50 కావాలి. మామూలు విద్యార్థి ఎంత కిక్కిరిసిన గదిలో కూర్చుంటున్నాడో తెలియాలంటే 82 కావాలి. ప్రశ్న ఏమిటో చెప్పకుండా అంకె ఒక్కటే పట్టుకొస్తే అప్పుడు అనుమానించండి.

అమ్మా మానసా, ఈ కోర్సులో గణితం ఎంత ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. 1854 లండన్ కలరా అనగానే అందరూ బ్రాడ్ స్ట్రీట్ పంపు హ్యాండిల్ ఊడదీసిన కథ ఎత్తుకుంటారు. నిజానికి హ్యాండిల్ తీసేనాటికే కేసులు తగ్గుముఖం పట్టాయి. కలరా నీళ్ళ ద్వారా వస్తుందని వాదించిన లండన్ డాక్టర్ జాన్ స్నో స్వయంగా ఆ మాట రాశాడు. ఆయన చేసిన అంతకన్నా గట్టి పని ఇంకోటుంది. దక్షిణ లండన్‌లో రెండు కంపెనీలు ఒకే వీధుల్లో, పక్కపక్క ఇళ్ళకి నీళ్ళు సరఫరా చేసేవి. లాంబెత్ కంపెనీ 1852లో నగరానికి ఎగువన, మురుగు కలవని చోటికి మారి అక్కడ నీళ్ళు తోడటం మొదలుపెట్టింది. సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మాత్రం మురుగు కలిసే చోటే తోడుతూ ఉంది. కలరాతో మనిషి పోయిన ఇళ్ళకి వెళ్ళి మీకు నీళ్ళెవరివని అడిగించాడు స్నో. అద్దెకున్నవాళ్ళలో చాలామందికి కంపెనీ పేరే తెలియదు. అప్పుడు ఆ నీళ్ళలో ఉప్పు ఎంతుందో పరీక్షించి ఏ కంపెనీయో తేల్చాడు.

మురుగు నీళ్ళ కంపెనీ: 40,046 ఇళ్ళు, 1,263 చావులు. రెండోది: 26,107 ఇళ్ళు, 98 చావులు. పదివేల ఇళ్ళకి చూస్తే 315, 37. అదే వీధి, అదే గాలి, ఇరుగూ పొరుగూ. అప్పట్లో వైద్యులు చాలామంది చెడు గాలే కారణమని నమ్మేవాళ్ళు. ఈ లెక్క ముందు ఆ వాదన నిలవడం కష్టం. ఇందులో ఒక్క భాగహారం తప్ప వేరే గణితం లేదు. మిగతాదంతా పోల్చదగ్గ రెండు గుంపుల్ని వెతికి పట్టుకోవడం, ఇల్లిల్లూ తిరగడం. సిలబస్ ఏ యూనివర్సిటీదైనా కోర్సులో సారం ఇదే.

గీత_సర్వే:
ఇల్లిల్లూ తిరగడం అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నేను చాలా కాలంగా కుటుంబ సర్వేల్లో ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. మానసా, నీ సిలబస్‌లో నిరుద్యోగం ఉందన్నావు కదా, పరీక్షలో తప్పకుండా వస్తుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్వచనం ప్రకారం సర్వే అడిగే వారంలో జీతానికో లాభానికో ఒక్క గంట పని చేసినా ఉద్యోగి కిందే లెక్క. పని లేకుండా ఉండి, పని కోసం వెతుకుతూ, దొరికితే చేరడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళే నిరుద్యోగులు. వెతకనివాళ్ళు లెక్కలోకే రారు. ఇప్పుడు 100 మంది పెద్దవాళ్ళని తీసుకో. 54 మంది పనిలో ఉన్నారు, 6 మంది వెతుకుతున్నారు, 40 మంది ఏదీ కాదు. రేటు 60లో 6, అంటే 10 శాతం. మరుసటి నెల ఆ ఆరుగురిలో ముగ్గురు విసిగిపోయి వెతకడం మానేశారు. 57లో 3, అంటే 5.3 శాతం. ఒక్కరికీ ఉద్యోగం రాలేదు, నిరుద్యోగం మాత్రం దాదాపు సగమైంది. అందుకే ఆ రేటు పక్కన మొత్తం జనంలో పని చేస్తున్నవాళ్ళ శాతం కూడా చూడాలి. ఇక్కడ అది రెండు నెలలూ 54 శాతమే.

ఇంట్లోవాళ్ళకి పొలంలోనో దుకాణంలోనో జీతం లేకుండా సాయపడే ఆడవాళ్ళు ‘ఏం పని చేస్తారమ్మా’ అంటే ‘ఏమీ చెయ్యను’ అనేస్తారు. రెండో ప్రశ్నగా ‘పోయిన వారం ఇంటి వ్యాపారంలో ఏమైనా చేశారా’ అని అడిగితే గానీ బయటికి రాదు. సిబ్బందికి తొందరుండి ఆ రెండో ప్రశ్న ఎగ్గొడితే దేశం అంకె మారిపోతుంది.

నమ్మనుగాక_నమ్మను:
గీత గారూ, నేనూ అదే అంటున్నాను. వందమందిని అడిగి కోట్లమంది గురించి చెప్పేస్తారు. నన్నయితే ఇంతవరకు ఒక్క సర్వేవాళ్ళూ అడగలేదు.

సగటుజీవి:
రక్తపరీక్షకి ఒంట్లో రక్తమంతా తోడరు కదండీ. శాంపిల్ లాటరీ తీసినట్టు తీస్తే, వెయ్యి మందితో వచ్చే శాతానికి అటూ ఇటూ సుమారు 3 శాతం తేడా ఉంటుంది. జనాభా పది లక్షలైనా వంద కోట్లైనా దాదాపు అంతే. తేడాని సగం చేయాలంటే మాత్రం నాలుగింతల మందిని అడగాలి. మీ ఇంటికి రాలేదంటే లాటరీ సరిగ్గానే తీస్తున్నారన్నమాట :)

గీత_సర్వే:
‘లాటరీ తీసినట్టు తీస్తే’ అన్నారే, అసలు కథంతా అక్కడే ఉంది. 1936 అమెరికా ఎన్నికలకి లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి కార్డులు పంపింది. 20 లక్షలకి పైగా తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ 57 శాతంతో గెలుస్తాడని వేసింది. గెలిచింది అప్పటికే అధ్యక్షుడిగా ఉన్న రూజ్‌వెల్ట్, అదీ 60 శాతానికి పైగా ఓట్లతో. పాఠ్యపుస్తకాల్లో దీనికి చెప్పే కారణం పేర్లని ఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్టర్ల నుంచి తీశారని, అవి ఉన్నవాళ్ళు డబ్బున్నవాళ్ళని. అది సగమే. కార్డు అందినవాళ్ళలో నాలుగో వంతు కూడా తిరిగి పంపలేదు. పంపినవాళ్ళలో రూజ్‌వెల్ట్ అంటే మండిపడేవాళ్ళే ఎక్కువ. కోపం ఉన్నవాడు కార్డు నింపుతాడు, తృప్తిగా ఉన్నవాడు పక్కన పడేస్తాడు.

ఫీల్డులో మేం దీన్ని రోజూ చూస్తాం. తాళం వేసి ఉన్న ఇంటి బదులు పక్కింటివాళ్ళని రాసేస్తే పని తేలిక. కానీ పగలంతా తాళం ఉండే ఇల్లంటే అందరూ పనికి పోయే ఇల్లు. వాళ్ళని వదిలేసి నిరుద్యోగం కొలిస్తే ఏం వస్తుంది? అందుకే సాయంత్రం మళ్ళీ వెళ్ళాలి. మనుషుల తప్పు పట్టుకోడానికి గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్ పంటల సర్వేల్లో ఒక పద్ధతి వాడారు. ఒకే ప్రాంతాన్ని రెండు బృందాలకి విడివిడిగా ఇచ్చి, ఒకరి అంకె ఇంకొకరికి తెలియకుండా కొలిపించేవారు. రెండు అంకెలు మరీ దూరంగా వస్తే శాంపిల్ మీద నెపం పెట్టడానికి లేదు, ఎవరో సరిగ్గా కొలవలేదని అర్థం.

హర్ష_స్టాట్స్:
నేను ఎమ్మెస్సీ స్టాట్స్. ఒక భిన్నాభిప్రాయం. ఇలాంటి కోర్సుల్లో నాకు నచ్చనిది ఒకటుంది. తప్పుడు గ్రాఫులు, తప్పుడు సర్వేలు, తప్పుడు సగటులు, ఇలా అన్నీ తప్పులే చూపిస్తారు. సెమిస్టర్ అయ్యేసరికి పిల్లలకి ఏ లెక్క కనబడినా ‘కోరిలేషన్ కారణం కాదు’ (రెండు కలిసి మారినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదు) అనడం ఒక్కటే వంటబడుతుంది. అదో తెలివి అనుకుంటారు. నమ్మనుగాక గారు ఏ కోర్సూ చదవకుండానే అక్కడికి చేరుకున్నారు :)

ఆ మాట ఎవరెవరు వాడారో చూడండి. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ లండన్ ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 649 మంది మగవాళ్ళని, వేరే జబ్బులతో చేరిన 649 మందిని పోల్చారు. పొగ అలవాటు లేనివాళ్ళు మొదటి గుంపులో ఇద్దరు, రెండో గుంపులో 27 మంది. తర్వాత 1951లో బ్రిటిష్ డాక్టర్లకే ఉత్తరాలు రాసి, జవాబిచ్చిన దాదాపు 40 వేల మందిని ఏళ్ళ తరబడి గమనించారు. అదే ఫలితం. 1954 జనవరిలో అమెరికా సిగరెట్ కంపెనీలు 400కి పైగా పత్రికల్లో ఒక పెద్ద ప్రకటన వేయించాయి. సిగరెట్టే కారణమని రుజువు లేదు, నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు అని. అది అబద్ధంలా కనబడదు, స్టాట్స్ క్లాసులో చెప్పే జాగ్రత్తలాగే కనబడుతుంది!

ఇంకా విచిత్రం, ఆధునిక గణాంకశాస్త్రానికి పునాది వేసిన రోనాల్డ్ ఫిషర్ కూడా ఒప్పుకోలేదు. పొగ తాగాలనిపించే జన్యువే క్యాన్సర్‌కీ కారణం కావచ్చు కదా అన్నాడు. ఆయనా పైపు తాగేవాడే, సిగరెట్ పరిశ్రమకి సలహాదారు కూడా. దీనికి 1959లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్, ఆయన తోటివాళ్ళు ఇచ్చిన జవాబు ఏ కోర్సులోనైనా చెప్పాలని నా కోరిక. పొగ తాగేవాళ్ళకి క్యాన్సర్ 9 రెట్లు ఎక్కువ వస్తోంది. ఈ తేడా అంతా ఒక దాగున్న జన్యువు వల్లే అనాలంటే, ఆ జన్యువు పొగ తాగేవాళ్ళలో కనీసం 9 రెట్లు ఎక్కువగా ఉండి తీరాలి. అంత బలమైన తేడా ఉంటే ఎవరి కంటా పడకుండా ఎలా ఉంటుంది? ఎక్కడుందో చూపించండి అన్నారు. చూపించలేకపోయారు. ‘ఇంకేదో కారణం ఉండొచ్చు’ అంటే సరిపోదు, ఆ ఇంకేదో ఎంత పెద్దదై ఉండాలో కూడా చెప్పాలి. కొంచెం గణితం వస్తేనే ఇంత గట్టిగా అడగగలం. కాబట్టి మానస గారూ, ఫార్ములాలు దాటేయొద్దు.

నమ్మనుగాక_నమ్మను:
ఈ 9 రెట్ల వాదన నేను ఎప్పుడూ వినలేదు. బాగుంది. కానీ అందరు విద్యార్థులకీ కార్న్‌ఫీల్డ్‌ని చెబుతారా? చెప్పరు. గ్రాఫు గీయించి మార్కులు వేస్తారు.

పాతమాష్టారు:
హర్షా, నీ బాధ నాకు అర్థమైంది. నేనూ మొదట్లో ‘మోసాల మ్యూజియం’ లాగే చెప్పేవాణ్ణి, పిల్లలు బాగా నవ్వేవారు. తర్వాత ప్రతి తప్పుడు సర్వేకీ పక్కన ఒక నమ్మదగ్గ సర్వే పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఏది ఎందుకు నమ్మాలో చెప్పించడం, ఎందుకు నమ్మకూడదో చెప్పించడం కన్నా పదింతలు కష్టం. ఫార్ములాల మీద మాత్రం నీతో ఏకీభవించను. ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) చేత్తో పది సార్లు చేయించినంత మాత్రాన కార్న్‌ఫీల్డ్‌లాగా ఆలోచించడం రాదు.

మానస_బీఏ:
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. ఈ వారం ట్యుటోరియల్‌లో ఒక టేబుల్ ఇచ్చారు. బర్క్‌లీలో కాలిఫోర్నియా యూనివర్సిటీ, 1973, పీజీ అడ్మిషన్లు, అన్నిటికన్నా పెద్ద ఆరు డిపార్ట్‌మెంట్లు. మొత్తంగా చూస్తే మగవాళ్ళలో 45 శాతానికి సీటు వచ్చింది, ఆడవాళ్ళలో 30 శాతానికే. కానీ డిపార్ట్‌మెంట్ వారీగా చూస్తే ఎక్కడా ఆడవాళ్ళకి పెద్దగా తక్కువ లేదు. ఒకదాంట్లో అయితే వాళ్ళకే చాలా ఎక్కువ. ఇది ఎలా సాధ్యం? మూడు సార్లు కూడి చూశాను, అంకెలు సరిగ్గానే ఉన్నాయి.

సగటుజీవి:
మంచి టేబుల్ ఇచ్చారు. అప్లై చేసినవాళ్ళు ఎక్కడికి చేశారో ఆ కాలమ్ మీద వేలు పెట్టండి.

‘ఏ’ డిపార్ట్‌మెంట్: మగవాళ్ళు 825 మంది అప్లై చేస్తే 62 శాతానికి సీటు. ఆడవాళ్ళు 108 మంది, 82 శాతానికి. ‘బీ’: మగవాళ్ళు 560, 63 శాతం. ఆడవాళ్ళు 25 మందే, 68 శాతం. ఈ రెండూ సీటు తేలిగ్గా దొరికేవి. ఇటు చివర ‘ఎఫ్’ చూడండి: మగవాళ్ళు 373, ఆడవాళ్ళు 341, సీట్లు 6 శాతానికి, 7 శాతానికి. ఎవరికీ దొరకదు.

ఇప్పుడు కూడండి. ఆరు డిపార్ట్‌మెంట్లకి అప్లై చేసిన 2,691 మంది మగవాళ్ళలో 1,385 మంది, అంటే సగానికి పైగా, ఏ, బీలకే వెళ్ళారు. 1,835 మంది ఆడవాళ్ళలో అక్కడికి వెళ్ళింది 133 మంది, 7 శాతం. మిగతావాళ్ళంతా సీటు కష్టంగా దొరికే చోట్ల క్యూ కట్టారు. అన్నీ కలిపేసరికి మగవాళ్ళ సగటుని ఏ, బీలు పైకి లాగాయి, ఆడవాళ్ళ సగటుని మిగతా నాలుగూ కిందికి లాగాయి. దీన్నే సింప్సన్ పారడాక్స్ అంటారు, పరీక్షలో ఆ పేరు రాయండి.

నమ్మనుగాక_నమ్మను:
అయితే వివక్ష లేనట్టేనా? చూశారా, ఒక్క టేబుల్‌తో కడిగేశారు.

గీత_సర్వే:
తొందరపడకండి. సీటు ఇచ్చే కమిటీలు ఆడవాళ్ళని పనిగట్టుకుని తీసెయ్యలేదని మాత్రమే ఈ టేబుల్ చెబుతోంది. ఆడవాళ్ళు ఏ, బీలకి ఎందుకు వెళ్ళలేదు? 1975లో దీని మీద వచ్చిన వ్యాసమే ఆ సంగతి ఎత్తింది. స్కూలు రోజుల నుంచే ఆడపిల్లల్ని గణితం ఎక్కువ అక్కర్లేని సబ్జెక్టుల వైపు మళ్ళించడం, ఆ సబ్జెక్టుల్లో సీట్లు తక్కువగా ఉండటం. అన్యాయం పోలేదు, వేరే చోట ఉందని తెలిసింది.

హర్ష_స్టాట్స్:
గీత గారి మాటకి ఒక చేర్పు. ‘విడగొట్టి చూస్తేనే నిజం’ అని సూత్రంలా పట్టుకోవద్దు. ఒక సంస్థలో ఆడవాళ్ళ జీతం తక్కువ ఉందనుకోండి. హోదా వారీగా విడగొడితే తేడా మాయమవుతుంది. కానీ ఆడవాళ్ళకి ప్రమోషన్ ఇవ్వకపోవడమే అక్కడి సమస్య అయితే, హోదా వారీగా విడగొట్టడం అంటే సమస్యని చీరేసి చెత్తబుట్టలో వేయడమే. ఎప్పుడు విడగొట్టాలో అంకెలు చెప్పవు, అంకెల వెనక ఏం జరుగుతోందో తెలిసినవాళ్ళు చెప్పాలి. మీ సోషియాలజీ అక్కరకొచ్చేది ఇక్కడే.

మానస_బీఏ:
అర్థమైంది అనుకుంటున్నా. ఇంకో డౌట్. ప్రయోగాల చాప్టర్‌లో ‘లాటరీ వేసి సగం మందికి మందు, సగం మందికి ఉత్త నీళ్ళు’ అని ఉంది. అంత అవసరమా? వేయించుకున్నవాళ్ళని, వద్దన్నవాళ్ళని పోలిస్తే చాలదా?

పాతమాష్టారు:
చాలదమ్మా. 1954లో అమెరికాలో పోలియో టీకా పరీక్షే దీనికి సాక్ష్యం. తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లల్లో లాటరీ ద్వారా దాదాపు 2 లక్షల మందికి టీకా, 2 లక్షల మందికి ఉప్పునీళ్ళ ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో పిల్లలకీ డాక్టర్లకీ తెలియదు. లక్షకి పోలియో కేసులు: టీకా గుంపులో 28, ఉప్పునీళ్ళ గుంపులో 71. ఇప్పుడు అసలు సంగతి. తల్లిదండ్రులు ఒప్పుకోని పిల్లల్లో ఎంత? 46! ఏమీ వేయించుకోకపోయినా ఉప్పునీళ్ళవాళ్ళ కన్నా తక్కువ.

ఎందుకంటే ఒప్పుకున్న కుటుంబాల్లో కాస్త డబ్బు, శుభ్రత ఎక్కువ. శుభ్రమైన ఇళ్ళలో పిల్లలకి పసితనంలో పోలియో వైరస్ తగలదు. అదే కాస్త మురికిలో పెరిగినవాళ్ళకి తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఉండగానే తగిలి, తేలికపాటిగా పోయి, రోగనిరోధక శక్తి వచ్చేస్తుంది. నువ్వన్నట్టు 28ని 46తో పోల్చి ఉంటే టీకా బలం ఉన్నదానికన్నా బాగా తక్కువగా కనబడేది. ఇలా కుటుంబాలే ఎంచుకుంటే పోలిక ఎటు వాలుతుందో ముందుగా ఎవరూ ఊహించలేరు. లాటరీ వేసేది అందుకే.

వార్తలమనిషి:
ఇప్పుడే చూశాను ఈ చర్చ. నేను న్యూస్ డెస్క్‌లో పని చేస్తాను, రిస్కు చాప్టర్ మాత్రం మా వాళ్ళందరికీ నిర్బంధంగా చదివించాలి. 1995లో బ్రిటన్‌లో కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని అధికారికంగా హెచ్చరించారు. రెట్టింపు నిజమే, 7 వేల మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది. కానీ హెడ్డింగుల్లో రెట్టింపు ఒక్కటే వెళ్ళింది. చాలామంది మాత్రలు ఆపేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13 వేల అబార్షన్లు ఎక్కువ జరిగాయని అంచనా. పైగా గర్భంతో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల కన్నా ఎక్కువ. అప్పటి నుంచి ‘రెట్టింపు’ అని కాపీ వస్తే ‘ఎంత నుంచి ఎంతకి?’ అని రాసి వెనక్కి పంపేవాళ్ళు కొన్ని డెస్కుల్లో ఉన్నారు. అన్నిట్లో లేరు.

మానస_బీఏ:
ప్రాజెక్టు టాపిక్ ఖాయం చేసుకున్నాను: మా డిపార్ట్‌మెంట్‌లో ఎంతమంది అసైన్‌మెంట్లు కాపీ కొడతారు. ఆన్‌లైన్ ఫారం చేసి గ్రూపుల్లో పెడదామని. మొదటి ప్రశ్న ‘మీరు సాధారణంగా కాపీ కొడతారా?’ అని రాశాను. బాగుందా?

గీత_సర్వే:
బాగోలేదు :) ‘సాధారణంగా’ అంటే ఒకరికి వారానికోసారి, ఇంకొకరికి ఏడాదికోసారి. ‘కాపీ’ అంటే స్నేహితురాలి నోట్సు చూసి సొంత మాటల్లో రాయడమా, మొత్తం దించేయడమా? ‘ఈ సెమిస్టర్‌లో ఇప్పటిదాకా ఏ అసైన్‌మెంట్‌లోనైనా, ఇతరుల జవాబు ఒక పేరా లేదా అంతకన్నా ఎక్కువ యథాతథంగా రాశారా?’ అని అడుగు. కాలం, పని, కొలత మూడూ ఉండాలి. గ్రూపులో పెడితే మాత్రం 1936 కార్డులే. క్లాసు లిస్టు తీసుకుని లాటరీతో ఎంచి, ఒక్కొక్కరికీ విడిగా ఇవ్వు.

సగటుజీవి:
అది సరే, పేరు పెట్టి ఇస్తే నిజం ఎవరు చెబుతారు? దానికో ఉపాయం ఉంది, 1965లో వార్నర్ అనే ఆయన మొదలుపెట్టినదానికి తేలిక రూపం. ప్రతి ఒక్కరూ చాటుగా నాణెం వేస్తారు. బొమ్మ పడితే కాపీ కొట్టినా కొట్టకపోయినా ‘అవును’ రాయాలి. బొరుసు పడితే నిజం రాయాలి. ‘అవును’ అన్నవాళ్ళలో ఎవరు నాణెం వల్ల అన్నారో, ఎవరు నిజం చెప్పారో మీకూ తెలియదు, టీచర్‌కీ తెలియదు. 120 మందిలో 78 మంది ‘అవును’ అన్నారనుకోండి. నాణెం వల్ల సుమారు 60. మిగిలిన 60 మంది నిజం చెప్పినవాళ్ళలో 18. అంటే 30 శాతం.

హర్ష_స్టాట్స్:
ఉపాయం మంచిదే, ఉచితం కాదు. 120 మందిని నేరుగా అడిగి అందరూ నిజం చెబితే 30కి అటూ ఇటూ 8 శాతం తేడా. నాణెంతో అయితే అదే 120 మందికి దాదాపు 17. అంటే 13 నుంచి 47 దాకా ఎంతైనా కావచ్చు. రిపోర్టులో ఈ మాట రాయకపోతే మార్కులు పోతాయి, రాస్తే ఎక్కువ వస్తాయి.

మానస_బీఏ:
17 ఆ! మా డిపార్ట్‌మెంట్ మొత్తం 300 మందే. 200 మందిని అడిగితే తగ్గుతుందా? ఇంకోటి, ఫారం ఫోన్‌లో నింపేటప్పుడు నాణెం నిజంగా ఎవరు వేస్తారు?

హర్ష_స్టాట్స్:
200 అయితే 13 దగ్గరికి వస్తుంది. 300లో 200 మందిని అడిగేస్తున్నారు కాబట్టి నిజానికి ఇంకొంచెం తగ్గుతుంది, కానీ నాణెం వల్ల వచ్చే ఊగిసలాట మాత్రం అలాగే ఉంటుంది.

గీత_సర్వే:
నాణెం వేయరు, వేసినట్టు అనేసుకుంటారు. దానికి బదులు ఇలా చెయ్యి: ‘మీకు బాగా తెలిసిన ఒకరి ఫోన్ నంబర్ మనసులో అనుకోండి’ అని ముందు పేజీలో పెట్టు. తర్వాతి పేజీలో ‘చివరి అంకె సరి సంఖ్య అయితే అవును అని రాయండి, బేసి అయితే నిజం రాయండి’ అను. ముందే ఎంచుకున్నారు కాబట్టి అప్పటికప్పుడు మార్చుకోలేరు. ముందుగా నలుగురైదుగురు స్నేహితులకి ఇచ్చి చూడు, సూచన చదివి ఏం చేశారో వాళ్ళ నోటితో చెప్పించుకో. సగం మంది తిరగేసి అర్థం చేసుకుంటారు, రాసిపెట్టుకో.

పాతమాష్టారు:
ఫారం తీసుకోనన్నవాళ్ళ సంఖ్య కూడా రాసుకోమ్మా. టీచర్ అనుమతి లిఖితపూర్వకంగా తీసుకున్నాకే మొదలుపెట్టు.